తాత గొంతు ఎందుకు తొందరపడింది?

హైదరాబాదులో యూసుఫ్‌గూడ దాటి గుట్ట ఎక్కితే రహమత్ నగర్ వస్తుంది. ఇరుకు సందులు, ఒకదాని భుజం మీద ఒకటి కూర్చున్నట్టుండే ఇళ్ళు. ఒక పక్క కృష్ణానగర్. ఇంకా పైకి పోతే జూబ్లీహిల్స్, ఆ అవతల ఫిల్మ్‌నగర్. సినిమా తెర మీద కనిపించేవాళ్ళు పైన మేడల్లో ఉంటే, తెర మీద కనిపించనివాళ్ళు చాలామంది ఈ దిగువ పేటల్లో ఉంటారు. లైట్లు మోసేవాళ్ళు, దుస్తులు కుట్టేవాళ్ళు, గుంపులో నిలబడేవాళ్ళు, డబ్బింగు చెప్పేవాళ్ళు.

నా దగ్గర తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఇల్లు ఈ రహమత్ నగర్‌లోనే. వాళ్ళ తాత చాలా ఏళ్ళు డబ్బింగు చెప్పారు. నాయకుడి పాత్రకు కాదు. జట్కావాడికి, పోస్టుమానుకు, కోర్టులో బంట్రోతుకు. ఒక్కొక్కరికి రెండు మాటలో, మూడు మాటలో. సినిమాల్లో ఆయన గొంతు ఎన్నిచోట్ల ఉందో లెక్క లేదు గాని, అన్నిచోట్లా అది ఇంకెవరి ముఖానికో అతికించిన గొంతే. తన మాటగా ఆయన మాట్లాడినది ఒక్క చిన్న క్యాసెట్టులోనే ఉంది. పనిలేని ఒక మధ్యాహ్నం రికార్డింగు థియేటరులో కూర్చుని, పుట్టబోయే మనవలకోసం ఆయన చెప్పిన కథలవి. ఆయన పోయాక రెండేళ్ళకు ఆ క్యాసెట్టు ట్రంకు పెట్టె అడుగున దొరికింది.

ఆ క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించబోతే ఎన్ని చిక్కులు వచ్చాయో, ఒక్కొక్క చిక్కు వెనక ఏ సూత్రం ఉందో మీకు చెబుతాను. మీరు ఎనిమిదో తరగతిలో చదువుకున్న ధ్వని పాఠం గుర్తుంటే చాలు.

ముందు ఆ క్యాసెట్టు సంగతి. అది మీ ఇళ్ళలో అటకమీద దొరికే పాటల క్యాసెట్టు కాదు. దానికన్నా చిన్నది, అరచేతిలో ఇమిడిపోతుంది. దీన్ని డిజిటల్ ఆడియో టేపు అంటారు. పొడి అక్షరాల్లో ‘డ్యాట్’. జపానుకు చెందిన సోనీ కంపెనీ 1987లో దీన్ని బజారులోకి తెచ్చింది. లోపలి టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. యంత్రంలో దాన్ని చదివే డోలు నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంది. ఒకప్పుడు రికార్డింగు థియేటర్లలో ఇది లేనిదే పని జరిగేది కాదు. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. 2005లో సోనీ ఈ యంత్రాల తయారీని ఆపేస్తున్నామని ప్రకటించింది. కాబట్టి ఇప్పుడు టేపు దొరికినా, దాన్ని చదివే యంత్రం దొరకడం కష్టం. ఆ అమ్మాయి బాబాయి ఒక థియేటరులో సహాయకుడు. అక్కడ మూలపడి ఉన్న యంత్రాన్ని బతిమాలి ఒక్క ఆదివారానికి తెచ్చాడు. సోమవారం పొద్దున్నే తిరిగి ఇచ్చెయ్యాలి. దానితోబాటు కంప్యూటరుకు తగిలించే సౌండ్ కార్డు పెట్టె ఒకటి కూడా తెచ్చాడు.

“సార్, మీరు ధ్వని పాఠం చెప్తారు కదా, ఒకసారి వచ్చి చూడండి” అని ఆ అమ్మాయి కబురు పెట్టింది. కంప్యూటర్ల విషయంలో నా తెలివి అంతంతమాత్రమే. అయినా వెళ్ళాను.

మామూలు పాటల క్యాసెట్టుకూ డ్యాట్‌కూ తేడా ఏమిటి? మాట్లాడినప్పుడు గాలి కంపిస్తుంది. మైకు ఆ కంపనాలను విద్యుత్తుగా మారుస్తుంది. కంపనం ఎలా పెరిగి తగ్గితే విద్యుత్ పీడనం కూడా అలాగే పెరిగి తగ్గుతుంది. పాత క్యాసెట్టు ఆ హెచ్చుతగ్గులను అయస్కాంతపు హెచ్చుతగ్గులుగా అలాగే దాచుకుంటుంది. డ్యాట్ అలా చెయ్యదు. అది కొలుస్తుంది. సెకనుకు 48,000 సార్లు విద్యుత్ పీడనం ఎంతుందో కొలిచి, ఆ కొలతను ఒక అంకెగా రాసుకుంటుంది. ప్రతి కొలతకూ 65,536 మెట్లున్న నిచ్చెన ఉందనుకోండి. ఆ క్షణాన ఎన్నో మెట్టు మీద ఉన్నదో అదే ఆ అంకె. మీరు గంట గంటకూ ఉష్ణోగ్రత కొలిచి గ్రాఫు గీస్తారు చూడండి, ఇదీ అంతే. గంటకొకసారి బదులు సెకనుకు 48,000 సార్లు. ధ్వనిని ఇలా అంకెలుగా మార్చే ఉపాయాన్ని 1937లో అలెక్ రీవ్స్ అనే ఇంగ్లండు ఇంజనీరు కనిపెట్టాడు. ఆనాటి వాల్వులతో అది చాలా ఖర్చయ్యే పని కావడంతో చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది.

అన్నిసార్లు ఎందుకు కొలవాలి? మనిషి చెవి 20 హెర్ట్జ్‌ల నుంచి 20,000 హెర్ట్జ్‌ల దాకా వింటుందని చదువుకున్నారు కదా. ఒక కంపనాన్ని పట్టుకోవాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలి. అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ 1949లో అచ్చయిన తన వ్యాసంలో దీన్ని నిరూపించి చూపాడు. అంటే 40,000 దాటాలి. మరి కచ్చితంగా 48,000 ఎందుకు? సినిమా ఫిల్ము సెకనుకు 24 బొమ్మలు నడుస్తుంది. 48,000ను 24తో భాగించండి. బొమ్మకు సరిగ్గా 2,000 కొలతలు. సెకనుకు 25 బొమ్మలు నడిచే టెలివిజనుకైతే 1,920. రెండూ పూర్ణసంఖ్యలే. అందుకే సినిమావాళ్ళకు 48,000 అంటే ఇష్టం.

పాటల సీడీ తయారుచేసినవాళ్ళు మాత్రం 44,100 అనే విచిత్రమైన సంఖ్యను పట్టుకున్నారు. ఇదెక్కడిదో తెలుసా? మొదట్లో ఇన్ని అంకెలను దాచడానికి వీడియో టేపు తప్ప వేరే సాధనం లేదు. వీడియో బొమ్మలో ఒక్కొక్క గీతకు మూడు కొలతలు ఎక్కించారు. ఒక దేశపు పద్ధతిలో పనికొచ్చే గీతలు 245, సెకనుకు 60 సార్లు. ఇంకో దేశపు పద్ధతిలో 294 గీతలు, సెకనుకు 50 సార్లు. రెండు గుణకారాలూ చేసి చూడండి, రెండూ 44,100 అవుతాయి! ఇద్దరికీ పనికొచ్చే సంఖ్య అని దాన్నే ఖాయం చేశారు. డ్యాట్ యంత్రం ఈ రెండు వేగాలతోనూ రాయగలదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మా కథంతా దీనిమీదే తిరుగుతుంది.

సరే, రహమత్ నగర్‌కు వద్దాం. నేను వెళ్ళేసరికి బాబాయి చెమటలు కక్కుతున్నాడు. టేపు తిరుగుతోంది, కంప్యూటరులో చప్పుడు లేదు. వెంటనే టేపు ఆపమన్నాను. ఎన్నో ఏళ్ళ నాటి టేపు అది. ఎన్నిసార్లు తిప్పితే అన్నిసార్లు అరుగుతుంది. తాత క్యాసెట్టు బయటికి తీసి పక్కన పెట్టించి, బాబాయి దగ్గరున్న పనికిరాని క్యాసెట్టు ఒకటి పెట్టించాను. చిక్కు తీరేదాకా ప్రయోగాలన్నీ దాని మీదే.

“అన్నా, యంత్రానికే హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది కదా. దానిలోంచి తీగ లాగి కంప్యూటరు మైకు రంధ్రంలో పెడితే అయిపోదా?” అన్నాడు పక్కింటి కుర్రాడు. మంచి ప్రశ్నే. అయిపోతుంది. కాని అప్పుడు యంత్రం అంకెలను మళ్ళీ విద్యుత్ హెచ్చుతగ్గులుగా మారుస్తుంది, కంప్యూటరు వాటిని మళ్ళీ కొలిచి అంకెలు చేస్తుంది. తీగలో పుట్టే గుర్రుమనే మోత కూడా ఆ కొలతల్లో కలిసిపోతుంది. నోట్సును చూసి రాసుకోవడానికీ, ఎవరో చదువుతుంటే విని రాసుకోవడానికీ ఉన్నంత తేడా. అంకెలను అంకెలుగానే పంపితే ఒక్క అంకె కూడా మారకుండా చేరుతుంది. అందుకే బాబాయి ఆ తిప్పలు పడుతున్నాడు.

అయితే హెడ్‌ఫోన్ రంధ్రం ఇంకో పనికి వచ్చింది. చెవికి పెట్టుకుని విన్నాం. శుభ్రంగా వినిపిస్తోంది. అంటే టేపు బాగుంది, యంత్రం బాగుంది. లోపం ఉంటే యంత్రం దాటిన తరువాతే ఉండాలి. పొలానికి నీళ్ళు రాకపోతే మీ తాతలు ఏంచేస్తారు? తూము దగ్గర మొదలుపెట్టి కాలవ వెంబడి నడుచుకుంటూ వస్తారు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో, ఎక్కడ ఆగాయో చూస్తారు. మేమూ అదే పని చేశాం.

యంత్రం తరువాతది తీగ. ఈ తీగలో విద్యుత్తు పోదు, కాంతి పోతుంది. గాజులాంటి ప్లాస్టిక్ పోగు అది. 1983లో తోషిబా కంపెనీ తెచ్చిన ఏర్పాటు. ఎర్రటి కాంతి వెలిగి ఆరుతూ అంకెలను మోసుకుపోతుంది. 48,000 వేగంతో నడిచే ధ్వనికి ఈ తీగలో సెకనుకు 30,72,000 బిట్లు పోతాయి. అంత వేగంగా వెలిగి ఆరితే మన కంటికి ఆగకుండా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. తీగ రెండో కొసను ఊడదీసి తెల్ల కాగితం మీదికి వంచాం. చిన్న ఎర్ర చుక్క పడింది. (ఇలాంటి తీగ కొసను ఎన్నడూ కంటి దగ్గర పెట్టుకుని చూడకండి. కాగితమో అరచెయ్యో చాలు.) అంటే అంకెలు తీగ చివరిదాకా వస్తున్నాయి.

అప్పుడు ఆ అమ్మాయి, “సార్, ఈ పెట్టెలో కూడా ఎర్రగా వెలుగుతోంది!” అంది. మేం ఇందాకటిదాకా తీగను గుచ్చిన రంధ్రం అది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ తట్టలేదు. తరువాత నవ్వొచ్చింది. లోపలికి తీసుకునే రంధ్రం చీకటిగా ఉండాలి, అది చెవి. వెలుగుతున్నదంటే అది నోరు. యంత్రం నోటినీ పెట్టె నోటినీ ఎదురెదురుగా కట్టేశాం, వినేవాళ్ళు ఎవరూ లేరు! పెట్టె మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి, రెండు రంధ్రాలూ ఒకే ఆకారం. వెలగని రంధ్రంలోకి తీగ మార్చాం. మీ ఇంట్లో కంప్యూటరుకు ఇలాంటి రంధ్రం ఒక్కటే ఉంటే తొందరపడి తీగ పెట్టకండి. చాలా కంప్యూటర్లలో ఉండేది పంపే రంధ్రం మాత్రమే, తీసుకునేది ఉండదు.

ఇప్పుడు కంప్యూటరు తెరమీద పచ్చ పట్టె ఊగింది. చప్పుడు ఎంత వస్తున్నదో చూపే పట్టె అది. ఇల్లంతా కేకలు. ఆ సంబరంలో టేపు చూడనేలేదు, అది ఆగి ఉంది! ఆ అమ్మాయి నాయనమ్మ వంటింట్లోంచి దగ్గినప్పుడల్లా పట్టె ఎగురుతోంది. కంప్యూటరు వింటున్నది టేపును కాదు, తన సొంత మైకులోంచి మా గదిని.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కాజీపేట జంక్షను చూసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఎన్నో దారులనుంచి బండ్లు వస్తాయి. పట్టాల దగ్గర పాయింట్లు ఎటు తిప్పి ఉంటే బండి అటే పోతుంది. బండి వచ్చినంతమాత్రాన మీరు నిలబడ్డ ప్లాటుఫారానికి రాదు. కంప్యూటరులో కూడా ధ్వని వచ్చే దారులు చాలా ఉంటాయి. సొంత మైకు ఒకటి, సౌండ్ పెట్టె మైకు రంధ్రం ఒకటి, కాంతి తీగ రంధ్రం ఒకటి. రికార్డు చేసే ప్రోగ్రాం వీటిలో ఒకదానినే వింటుంది. ఏది వినాలో మనం ఎంచి చెప్పాలి. చెప్పకపోతే దానికి అలవాటైన సొంత మైకునే పట్టుకుంటుంది. ఇంకో తమాషా ఏమిటంటే, ఈకాలపు కంప్యూటర్లు లోపలికొచ్చే ఏ ధ్వనినైనా ‘మైక్రోఫోన్’ కిందనే జమకడతాయి. ఆ ప్రోగ్రాముకు మైక్రోఫోన్ వాడే అనుమతి ఇవ్వకపోతే, మనం వాడేది మైకు కాకపోయినా సరే, నిశ్శబ్దమే దక్కుతుంది. అనుమతి ఉందని చూసుకుని, కాంతి తీగ దారిని ఎంచాం.

పట్టె చచ్చినట్టు పడుకుంది. టేపు తిరుగుతోంది, తీగ వెలుగుతోంది, పాయింట్లు సరిగా ఉన్నాయి. ఐనా చప్పుడు లేదు. పెట్టె ముందు ఒక చిన్న దీపం ఆరి ఉందని అప్పుడు గమనించాం. లోపలికొచ్చే అంకెలు పెట్టెకు అర్థమైతేనే ఆ దీపం వెలుగుతుంది. అంటే కాంతి చేరుతోంది, భాష అర్థం కావడం లేదు. ఒకే రకం కాంతి తీగ మీద రెండు భాషలు నడుస్తాయని బాబాయికి అప్పుడు గుర్తొచ్చింది. ఒకటి ఇళ్ళలో వాడే ఎస్‌పీడీఐఎఫ్, రెండు దారుల ధ్వనిని మోస్తుంది. రెండోది థియేటర్లలో వాడే ఏడాట్, ఒకేసారి ఎనిమిది దారులు మోస్తుంది. తీగ ఒకటే, రంధ్రం ఒకటే, ఎర్ర కాంతీ ఒకటే. పెట్టె థియేటరునుంచి వచ్చింది కాబట్టి ఎనిమిది దారుల భాషకు పెట్టి ఉంది. దాన్ని మార్చగానే దీపం వెలిగింది, పట్టె లేచింది. ఈసారి సంబరపడేముందు టేపు ఆపి చూశాం. పట్టె కూడా ఆగింది. సరే.

హెడ్‌ఫోన్ పెట్టుకున్న అమ్మాయి మొహం చిట్లించింది. “బాగానే ఉంది సార్. కాని ఉండుండి టిక్ టిక్ మంటోంది.”

నాకు అన్నిటికన్నా నచ్చిన చిక్కు ఇదే. మీ వీధిలో ఇంటికి స్లాబు వేస్తుంటే చూశారా? కింద ఒకరు, మధ్యలో ఒకరు, పైన ఒకరు నిలబడి సిమెంటు తట్టలు అందుకుంటూ ఉంటారు. అందరూ ఒకే లయలో కదలాలి. కిందివాడు కొంచెం తొందరపడితే పైవాడి చేతులు ఇంకా ఖాళీ కావు, తట్ట జారి పడుతుంది. పైవాడే తొందరపడితే ఖాళీ చేతులు ముందుకు వస్తాయి. ఇక్కడ కిందివాడు డ్యాట్ యంత్రం, పైవాడు సౌండ్ పెట్టె. అందించేవి సెకనుకు 48,000 తట్టలు. యంత్రం లోపల ఒక స్ఫటిక గడియారం ఉంది, పెట్టె లోపల ఇంకొకటి. రెండూ 48,000 అనే చెబుతున్నాయి. కాని రెండు గడియారాలు ఎన్నడూ అచ్చంగా ఒకేలా నడవవు. రెంటికీ పది లక్షల్లో 20 వంతుల తేడా ఉందనుకుందాం. గోడ గడియారానికైతే ఇది రోజుకు రెండు సెకన్లు కూడా కాదు. అలాంటి గడియారాన్ని మనం నెత్తిన పెట్టుకుంటాం. 48,000ను 20తో హెచ్చవేసి పదిలక్షలతో భాగించండి. 0.96. అంటే దాదాపు సెకనుకొక కొలత జారిపోతుంది, లేదా లేని కొలత ఒకటి దూరుతుంది. గ్రాఫులో ఒక్క చుక్క తప్పితే గీత ఠక్కున విరుగుతుంది. ఆ విరుపే చెవికి ‘టిక్’.

దీనికి మందు? పైవాడు తన లయ మానుకుని కిందివాడి చేతులను చూస్తూ కదలడమే. పెట్టె తన గడియారాన్ని పక్కన పెట్టి, తీగలో వచ్చే లయను పట్టుకోవాలి. తీగలో లయ కూడా వస్తుందా అని మీరడగాలి. వస్తుంది! ప్రతి బిట్టు మొదట్లో కాంతి తప్పకుండా మారుతుంది. వెలుగుతుంటే ఆరుతుంది, ఆరి ఉంటే వెలుగుతుంది. ఆ బిట్టు ఒకటి అయితే మధ్యలో ఇంకోసారి మారుతుంది, సున్నా అయితే మారదు. కాబట్టి వరసగా సున్నాలే వచ్చినా లయ తప్పదు. పాటగాడు పాడుతూనే తొడమీద తాళం వేసుకుంటాడే, అలా. పెట్టె అమరికల్లో గడియారం ‘లోపలిది’ అని ఉన్నచోట ‘బయటిది’ అని మార్చాం. టిక్కు పోయింది.

మధ్యాహ్నం రెండయింది. ఇక తాత క్యాసెట్టు పెట్టాం. సరిగ్గా 40 నిమిషాలు. హెడ్‌ఫోన్ ఒక్కటే, చెవి బాబాయిది. ఆయన కళ్ళు తుడుచుకోవడం చూసి అంతా బాగానే ఉందనుకున్నాం. చివరికొచ్చేసరికి యంత్రం కిర్రుమని ఒక్క కుదుపు కుదిపింది. క్యాసెట్టు బయటికి వచ్చింది గాని టేపు అంచు నలిగిపోయింది. మళ్ళీ తిప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు. యంత్రాన్ని ఆర్పేసి మూట కట్టేశాం.

అప్పుడు నాయనమ్మను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, రికార్డయినదాన్ని పెద్ద స్పీకరులో వినిపించాం. ఆవిడ కాసేపు విని, “ఈయనెవరు?” అంది. “నాయనే కదమ్మా” అన్నాడు బాబాయి. “మాటలు ఆయనవే. గొంతు ఆయనది కాదు. ఆయన ఇంత తొందరగా ఏనాడూ మాట్లాడలేదు.”

నిజమే. గొంతు సన్నగా ఉంది, మాట పరుగెడుతోంది. మరి రికార్డు చేస్తున్నప్పుడు బాబాయికి అంతా సరిగ్గా వినిపించింది కదా! అదెలా?

ఆ అమ్మాయి కాగితం తీసుకుంది. టేపు మీద 40 నిమిషాలు. యంత్రం లెక్క అదే చూపింది. కంప్యూటరులోని రికార్డు మాత్రం 36 నిమిషాల 45 సెకన్లే ఉంది. మూడుంబావు నిమిషాలు ఎక్కడికి పోయాయి? కథ మధ్యలో ఎక్కడా తెగలేదు, మొదలూ చివరా ఉన్నాయి. 36.75ను 40తో భాగించింది. 0.91875. నేను చెప్పినవి గుర్తుండి, 44,100ను 48,000తో భాగించింది. అదీ 0.91875!

తాత కథలు చెప్పింది 44,100 వేగంతో. మేం పరీక్షకు వాడిన పనికిరాని టేపు 48,000ది. ఆ అమరిక మార్చకుండానే తాత టేపు పెట్టేశాం. రికార్డు చేస్తున్నంతసేపూ పెట్టె యంత్రం లయను పట్టుకుని 44,100తోనే నడిచింది, అందుకే హెడ్‌ఫోనులో గొంతు సరిగా ఉంది. ప్రోగ్రాం మాత్రం వచ్చిన అంకెలు వచ్చినట్టు రాసుకుని, పైన ‘ఇవి సెకనుకు 48,000’ అని చీటీ అంటించింది. యంత్రాన్ని ఆర్పెయ్యగానే పెట్టెకు బయటి లయ పోయింది. తన సొంత గడియారంతో, చీటీ మీద ఉన్న వేగంతో ఆ అంకెలను చదివింది. ఒక సెకనులో చదవాల్సినదానికన్నా 3,900 కొలతలు ఎక్కువ చదివేస్తోందన్నమాట. సెకనుకు 120 సార్లు కంపించే గొంతు దాదాపు 131 సార్లు కంపిస్తుంది. హార్మోనియం మీద ఒక మెట్టు దాటి రెండో మెట్టుకు చేరబోతుంది. గొంతు మాత్రమే కాదు, నోటిలో, గొంతు గొట్టంలో పుట్టే ప్రతిధ్వనులు కూడా అంతే పెరుగుతాయి. అందుకే మనిషే చిన్నవాడైపోయినట్టు వినిపిస్తుంది. కార్టూను బొమ్మల కీచుగొంతులను ఇలాగే వేగం పెంచి పుట్టిస్తారు.

మరి టేపు మళ్ళీ తిప్పాలా? అక్కర్లేదు. అంకెలు ఒక్కటీ పోలేదు. తప్పల్లా చీటీదే. ఇలాంటి ధ్వని ఫైళ్ళలో మొదటి 44 బైట్లు సాధారణంగా ఈ చీటీయే. వేగం ఎంతో అందులో ఒకచోట రాసి ఉంటుంది. ఆ సంఖ్యను 48,000 నుంచి 44,100కు దిద్దితే చాలు. అయితే ఇక్కడ ఒక గొయ్యి ఉంది, చూసి నడవాలి. ప్రోగ్రాములో వేగం మార్చే మీటలు రెండు రకాలుంటాయి. ఒకటి చీటీని మాత్రమే దిద్దుతుంది. రెండోది పాత అంకెలనుంచి లెక్కగట్టి కొత్త అంకెలు తయారుచేస్తుంది, మనం వింటున్న వేగం అలాగే ఉంచుతుంది. మనం రెండోది నొక్కితే తప్పుడు గొంతే కొత్త చీటీతో స్థిరపడిపోతుంది. బాబాయి చెయ్యి దానిమీదికే పోయింది, సమయానికి ఆపాం. ముందు ఆ ఫైలుకు ఇంకో నకలు తీసి పక్కన పెట్టి, నకలు మీదనే చీటీ దిద్దాం.

ఫైలు పొడవు చూశాం. 40 నిమిషాల 0 సెకన్లు.

మళ్ళీ వినిపించాం. ఈసారి నాయనమ్మ ఏమీ అనలేదు. కథ మధ్యలో తాత ఆగి దగ్గి, మంచినీళ్ళు తాగిన చప్పుడు కూడా టేపులో ఉంది. అక్కడ మాత్రం ఆవిడ, “చల్లటి నీళ్ళు తాగొద్దంటే వినేవాడు కాదు” అంది. బాబాయి సోమవారం పొద్దున్న తొమ్మిదింటికల్లా యంత్రం తిరిగి ఇచ్చేశాడు.

ఆ అమ్మాయి మర్నాడు బడిలో నన్ను ఒక లెక్క అడిగింది. మీకూ అదే ఇస్తాను. డ్యాట్ యంత్రానికి 44,100, 48,000 కాక మూడో వేగం కూడా ఉంది, సెకనుకు 32,000. ఆ వేగంతో అరగంటసేపు మాట్లాడిన టేపుకు ఎవరైనా 48,000 అని చీటీ అంటిస్తే, కంప్యూటరులో అది ఎన్ని నిమిషాలు వినిపిస్తుంది? సెకనుకు 120 సార్లు కంపించే గొంతు ఎన్నిసార్లు కంపిస్తుంది? కాగితం, పెన్సిలు తీసుకోండి.